మొయినాబాద్ దారిలో పసుపునీళ్లు కక్కిన కారు

చేవెళ్లలో చాయ్ కప్పులు రోజురోజుకూ చిన్నవైపోతున్నాయి. మూతి తడిసేలోపే అడుగు కనిపిస్తుంది. ఇలాంటి వాటి మీద సణుక్కోవడమే నయం, అసలు బాధ మీద సణిగితే ఏడుపొస్తుంది. మా ఆవిడ శాంతమ్మ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆలూరు నుంచి చేవెళ్ల మీదుగా మొయినాబాద్ దవాఖానకు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. కారులో ముప్పావుగంట దారి. ఆలస్యమైతే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

పోయిన వారం రేడియేటర్ కారుతోందని చేవెళ్ల మెకానిక్ యాదగిరికి కారు ఇచ్చాను. కొత్తది వేశానన్నాడు. మర్నాడే కనకమామిడి దగ్గర బానెట్‌లోంచి పొగలొచ్చాయి. చల్లారాక మూత తీస్తే లోపలన్నీ పసుపునీళ్లు. రేడియేటర్‌లో పసుపు పోస్తే చిల్లు కాసేపు పూడుతుంది. డ్రైవర్లు దారిలో ఇరుక్కున్నప్పుడు చేసే వైద్యం అది. దానికే వీడు కొత్త రేడియేటర్ అని పేరు పెట్టాడు. ఆ రోజు మిషన్ దొరకలేదు. తర్వాత రెండు రోజులు శాంతమ్మ ఆయాసపడుతూనే ఉంది.

ఇవాళ పొద్దున ఏడింటికి ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి నేరుగా వాడి షెడ్డుకే వెళ్లాను.

"ఏం యాదగిరీ, నా కారుకు పెండ్లి జేసినవా? గంత పసుపు రాసినవ్."

"నీ బండే ముసల్ది తాతా. నేనేం జెయ్యాలె?"

"ముసల్దే. ఎనక ఇంకో ముసల్ది గూసున్నది. ఇద్దర్ని నువ్వే దవాఖానకు తోల్కపో. నేను పక్కన గూసుంట."

వాడు నవ్వుతూ స్టీరింగ్ పట్టాడు. సగం దారిలోనే ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. కారు ఆపాడు. చుట్టుపక్కల నీడ లేదు. శాంతమ్మ వాచిన కాళ్లు సీటు మీదికి లాక్కుంది.

"బిడ్డా, జర జల్ది జెయ్. ఇయ్యాల గూడ మిషన్ పోతే నాతోని గాదు."

యాదగిరి ఆ కాళ్లు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"తప్పయింది అవ్వా. కొత్తది దొర్కలే. ఎట్లనో నడుస్తది అనుకున్న."

వాడే ఆటో ఆపి మమ్మల్ని ఎక్కించాడు. అయినా ఆలస్యమైంది. దవాఖానలో నర్సును బతిమాలితే మధ్యాహ్నం సగంసేపే మిషన్ పెట్టారు. సాయంత్రం చేవెళ్లకు తిరిగొచ్చేసరికి వాడు కారును లాక్కొచ్చి ఉంచాడు. నా కళ్లముందే కొత్త రేడియేటర్ బిగించాడు.

గెలిచాననే అనాలి. కానీ గెలిచినట్టు లేదు. కారుకు కొత్తది దొరికింది, ఆమెకు ఎక్కడ దొరుకుతుంది? మూడు రోజులకు మళ్లీ ఇదే దారి, మళ్లీ అదే మంచం. ఈ దారి ఆగేది ఎప్పుడో తెలుసు కాబట్టే, ఆగకూడదని కోరుకుంటున్నాను.

కారు రిపేరుకిస్తే ఒక్క పని చేయండి: తీసిన పాత సామాను చేతికి ఇచ్చేదాకా షెడ్డు వదలకండి.

ఇంకొకటి. యాదగిరి కారు కిందికి దూరినప్పుడు వాడు విప్పిన చెప్పుల్లో ఒకటి షెడ్డు రేకుల మీదికి విసిరేశాను. ఇంటికొస్తూ శాంతమ్మకు చెప్పాను. కళ్లు తెరవకుండానే అడిగింది:

"ఏ కాలుది?"