మనిషికి బెదరని పక్షులు

మా మామయ్య ఓడలో మెకానిక్. డెబ్బైల్లో ఒక వేసవిలో కాకినాడ నుంచి పటాన్‌చెరులోని మా ఇంటికి వచ్చినప్పుడు, లక్షదీవుల్లో తాను చూసిన ఒక పగడాల దీవి గురించే చెప్పాడు. అక్కడ మనుషులుండరు. పర్మిషన్ లేనిదే దిగనివ్వరు. ఇసుక నిండా సముద్రపక్షులే.

"మన కాలి పక్కనే గుడ్ల మీద కూర్చుంటాయమ్మాయ్. మనిషంటే ఏంటో తెలీదు, అందుకే లేవవు," అన్నాడు.

మర్నాడు నాన్న సైకిలు నడిపించుకుంటూ మమ్మల్ని ఊరవతలి చెరువుకి తీసుకెళ్లాడు. గట్టు మీద కొంగలున్నాయి. దగ్గరికి వెళ్లినా ఒక్కటీ లేవలేదు.

"చూశావా, ఇవీ బెదరడం లేదు!" అని మురిసిపోతూ మామయ్య ఒకదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. దాని మెడ వాలిపోయింది.

తన బర్రెను నీళ్ల వైపు పోనీయకుండా అదిలిస్తున్న ఒక ముసలామె, దూరంగా కనిపిస్తున్న పొగగొట్టం వైపు చెయ్యి చూపించింది.

"గా ఫ్యాక్టరీ నీళ్లు తాగినయ్ సారూ. ఎగరనీకి పానముండాలె గద."

మామయ్య ఆ కొంగను ఎక్కడ దించాలో తెలియక నిలబడిపోయాడు. నేను నాన్న ముఖం చూశాను. ఒక్క మాటైనా అంటాడనుకున్నాను. అని ఉంటే నాకు ఇప్పటికీ ఇంత మంట ఉండేది కాదు. ఆయన టైమైందని సైకిలెక్కాడు. ఆ ఫ్యాక్టరీలోనే ఆయనకు సెకండ్ షిఫ్టు.