నెల గడ్డం

మా అల్లుడు ఒక నెల సముద్రం మీద ఉంటే ఒక నెల యూసుఫ్‌గూడలో మా ఇంట్లో ఉంటాడు. తూర్పు తీరానికి దూరంగా గ్యాసు తీసే రిగ్గు మీద క్రేన్ నడపడం ఆయన పని. రాజమండ్రి వెళ్ళి హెలికాప్టర్ ఎక్కుతాడు. ఆయన్ని రిగ్గు మీద దింపిన హెలికాప్టర్లోనే అంతదాకా ఆ క్రేన్ నడిపిన మనిషి ఎక్కి ఒడ్డుకి వస్తాడు. ఆ రెండో మనిషిని రిలీవర్ అంటారు. ఇద్దరిదీ ఒకటే క్రేను, ఒకటే మంచం. ఇన్నేళ్ళలో ఇద్దరూ కూర్చుని ఒక టీ తాగింది లేదు. రెక్కల హోరులో ఒకరికొకరు చెయ్యి ఊపుకోవడం, అంతే.

ఒడ్డున ఉన్న నెల ఆయనకి కష్టం. మొదట కొన్ని రోజులు నిద్రపోతాడు. తర్వాత ఇంట్లో ఫ్యాన్లన్నీ విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తాడు. ఆ తర్వాత మా అమ్మాయికి వంటలో సలహాలు మొదలుపెడతాడు. అక్కడితో ఆమె ఓర్పు అయిపోతుంది.

"నాన్నా, ఫిల్మ్‌నగర్‌లో మీకు తెలియనివాళ్ళు లేరు కదా, ఈ ఖాళీ నెలకి ఏదైనా పని చూడండి," అంది ఒకరోజు. ఆమె మనసులో మాట వేరే ఉంది. నేల మీద పని రుచి తగిలితే మెల్లగా సముద్రం మానేస్తాడని ఆశ. ఆయన ఆలోచన అది కాదు. సముద్రం ఉద్యోగం చెడకుండా పక్కన ఇంకొకటి ఉండాలి. కాంట్రాక్టు మనిషి, వంతు ఒక్కసారి తప్పితే ఆ చోట్లో ఇంకొకడి పేరు రాసేస్తారు.

నేను మద్రాసులో ఉన్నప్పటి నుంచి సినిమాల్లో ప్రాపర్టీ శాఖలో చేశాను. కుర్చీలు, గ్లాసులు, టెలిఫోన్లు. పొద్దున తీసిన సీన్లో గ్లాసులో మజ్జిగ ఎంతవరకు ఉందో సాయంత్రం మళ్ళీ అంతే పొయ్యడం నా పని. బడికి పోయింది తక్కువ. సామాన్ల పెట్టెల మీద అక్షరాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నాను. పరిశ్రమ హైదరాబాదు వస్తే నేనూ వచ్చాను. కాబట్టి అమ్మాయి అన్నది నిజమే, తెలియనివాళ్ళు తక్కువ. తెలిసినంత మాత్రాన పని ఇస్తారా అన్నది వేరే సంగతి.

కెమెరా సామాను అద్దెకిచ్చే చోట అడిగాను. గోదాముల్లో అడిగాను. ఎక్కడికి పోయినా ఒకటే మాట: పిలిచినప్పుడు రావాలి. ఎప్పుడు పిలుస్తారయ్యా అంటే చెప్పలేరు. ఇది నాకు మొదటి నుంచీ మంట. ఈ ఊళ్ళో పని ఇచ్చేవాడికి మనిషి మొత్తంగా కావాలి, తను మాత్రం రేపటి సంగతి కూడా చెప్పడు. సముద్రం మీద గాలీ వానా ఉన్నా ఎక్కే రోజు, దిగే రోజు ముందే తెలుస్తాయి. ఏసీ గదిలో కూర్చున్నవాడికి మాత్రం తెలియదు.

జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. వ్యాపారం చేసిన భర్త పోయారు. ఒకప్పుడు వాళ్ళ వరండా మా షూటింగులకి ఇచ్చేవారు, అలా పరిచయం. డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేశాడని తెలిసి అల్లుణ్ణి తీసుకుని వెళ్ళాను. కారు నడిపించి చూశారు, బాగుందన్నారు. నెల వస్తాడు, నెల రాడు అని నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

"మరి ఆ రాని నెల నేను ఎవరితో వెళ్ళాలండీ?" అన్నారు ఆవిడ.

కాఫీ ఇచ్చి పంపించారు.

సినిమా వేషం ఆ తర్వాత వచ్చింది, అదీ మేం అడక్కుండానే. రిగ్గు మీద ఉన్నన్నాళ్ళూ అందరూ రోజూ నున్నగా గడ్డం గీసుకోవాలి. విషవాయువు వస్తే ముఖానికి మాస్కు పెట్టుకోవాలి, వెంట్రుక అడ్డం ఉంటే అది చర్మానికి అతుక్కోదు. అందుకని గడ్డంతో వచ్చినవాణ్ణి హెలికాప్టరే ఎక్కనివ్వరు. ఆ కసితోనేమో, ఒడ్డున ఉన్న నెల మా అల్లుడు రేజర్ ముట్టడు. గడ్డం దట్టంగా, చెంపల దాకా వస్తుంది. కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఆ గడ్డాన్ని ఒక కో-డైరెక్టర్ చూశాడు. లారీ ఆఫీసులో పేకాట సీను, విలన్ పక్కన కూర్చోవాలి, లేచి ఒక మాట అనాలి. ఫలానా రోజు ఈయన వెళ్ళిపోతాడు, ఈలోపు అయిపోవాలి అని నేను స్పష్టంగా చెప్పాను. "రెండ్రోజుల పని బాబాయ్, ఇంకా బోలెడు టైముంది," అన్నాడు.

మొదటి రోజు బాగానే గడిచింది. అల్లుడు పేకముక్కలు పట్టుకుని కూర్చున్నాడు, హీరో వచ్చి బల్ల తన్నాడు, ముక్కలు ఎగిరాయి. లేచి మాట అనేది రెండో రోజు. ఆ రెండో రోజు హీరో రాలేదు. మర్నాడూ రాలేదు. మా అల్లుడు ఆ ఒక్క మాటా ఇంట్లో రోజుకో రకంగా అంటూ తిరిగాడు. మా అమ్మాయి నవ్వేది. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది. ప్రయాణం దగ్గర పడ్డాక ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేశాడు. మిగతాది వచ్చే వారం తీస్తారు, గడ్డం ముట్టుకోవద్దు, ఒక్క షాట్‌లో కనిపించినవాడు తర్వాత షాట్‌లో అలాగే ఉండాలి అని. నాకు చెప్తున్నాడు ఆ సంగతి.

నేను వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. ఒకటో రోజే చెప్పాం కదా, మీ హీరో రాకపోతే వీడి ఉద్యోగం పోవాలా అని అడిగాను. ఆ మేనేజర్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

"నాలుగు రోజులు ఆగమను బాబాయ్ ఆ సముద్రాన్ని. ఎక్కడికీ పోదుగా," అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పోనీ మేకప్‌తో అతికించండి, తిరిగొచ్చాక తీయండి అన్నాను. సెట్టు అంతదాకా ఉంచలేమన్నాడు. ఇలా వదిలేసిపోతే ఫిల్మ్‌నగర్‌లో ఇంకెవరూ పిలవరని కూడా అన్నాడు. అది నిజం, నాకు తెలుసు.

ఇంట్లో మా అమ్మాయి ఒక్కసారికి ఆగిపొమ్మంది. ఒంట్లో బాగాలేదని చెప్తే ఒక వారం ఎవరైనా ఓర్చుకుంటారు అంది. నేను ఆమె పక్షాన ఒకటి రెండు మాటలు అన్నాను. అప్పుడు అల్లుడు నా వైపు తిరిగాడు.

"నేను ఎక్కితేనే ఆయన దిగుతాడు మామయ్యా. ఆయన ఈపాటికి బ్యాగు సర్దేసి పెట్టుకుని ఉంటాడు. నేనైనా అంతే చేస్తాను."

ఆయనంటే రిలీవర్. మర్నాడు పొద్దున మంగలి దుకాణంలో గడ్డం తీయించుకున్నాడు. నేను బెంచీ మీద కూర్చుని పేపరు చదివాను. ఆ సాయంత్రం రైలెక్కాడు. మా అమ్మాయి నాతో సరిగా మాట్లాడటం మానేసింది, నేనేం చేశానో నాకు తెలియదు.

వారం తర్వాత మోతీనగర్ నుంచి ఒకాయన స్కూటర్ మీద మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. పొట్టి మనిషి, వారం గడ్డం. నేనే రిలీవర్‌ని అంకుల్ అన్నాడు. రిగ్గు మీద మా అల్లుణ్ణి అందరూ హీరో అని పిలుస్తున్నారట, అక్కడివాళ్ళు ఫోన్‌లో చెబితే ఈయనకి కథంతా తెలిసింది.

"మా అమ్మకు కంటి ఆపరేషన్ ఉండె, నేను దిగిన మర్నాడే. అన్న రాకుంటే నేన్ ఆడనే ఉంటుంటి," అన్నాడు. కాసేపు కూర్చుని, మా అమ్మాయి పెట్టిన కారప్పూస తింటూ అసలు సంగతి బయటపెట్టాడు. "మీకు ఫిల్మ్‌నగర్ల అందరు ఎర్కంట గదా అంకుల్. నాకు గూడ ఈ నెలకు ఏదన్న పని చూడుండ్రి. ఇంట్ల కూసుంటే మా ఆమె తిడుతుంది."

నాకు ముందు కోపం వచ్చింది. మా వాడి సినిమా పోయింది నీ వల్ల, నీకు కూడా నేనే పని వెతకాలా అనుకున్నాను. తర్వాత జూబ్లీ హిల్స్ పెద్దావిడ అడిగిన మాట గుర్తొచ్చింది. ఆవిడ కాదనలేదు, ఒక ప్రశ్న అడిగారు. దాని జవాబు నా ఎదురుగా కారప్పూస తింటున్నాడు. కారు నడుపుతావా అని అడిగాను. క్రేన్ నడిపేవాడికి కారెంత అంకుల్ అన్నాడు. అప్పుడే స్కూటర్ వెనక కూర్చుని బయల్దేరాను.

ఆవిడ అంతా విని, ఇద్దరూ కలిసి ఒకసారి వస్తే మాట్లాడదామండీ అన్నారు.

"ఇద్దరం కలిసి రాలేం మేడం," అన్నాడు ఈయన. "నేన్ ఈడున్ననంటే ఆయన ఆడున్నట్టు."

"పాత డ్రైవరు చెప్పకుండా పోయాడు. మీరూ అలా పోతే?"

"ఒకల్నొకలం ఇడిసిపెట్టే నౌకరి కాదు మేడం మాది."

ఆవిడ ఆ నెలంతా చూస్తానన్నారు.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మాయి ముఖం మాడ్చుకుంది. "మా ఆయనకి లేదన్న ఉద్యోగం ఎవరో ముక్కూ ముఖం తెలియనాయనకి ఇప్పించి వచ్చారా?" అంది. నెలయ్యాక ఆయన వదులుతాడని ఏమిటి నమ్మకం అంది. ఆయన రోజూ ఆ కారు నడిపాడు, పెద్దావిడకి నచ్చాడని కూడా విన్నాను. నచ్చితే శాశ్వతంగా ఉండిపొమ్మంటారు, సముద్రం మానేసి ఉండిపోనూవచ్చు. అప్పుడు రిగ్గు మీదున్న మా అల్లుడు దిగలేడు కూడా. ఆ మాట నేను అమ్మాయితో అనలేదు, ఆమె తనే అనుకుని ఉంటుంది. నెలాఖరు వచ్చేసరికి వీధిలో స్కూటర్ చప్పుడైతే ఇద్దరం గుమ్మం వైపు చూసేవాళ్ళం.

వంతు మారే ముందు రోజు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. భుజాన బ్యాగు, వీధిలో స్టేషన్‌కి వెళ్ళే ఆటో. గడ్డం నున్నగా గీసి ఉంది, చుబుకం కింద చిన్న గాటు కూడా పడింది. లోపలికి రమ్మంటే టైం లేదన్నాడు. జేబులోంచి పెద్దావిడ కారు తాళంచెవి తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాడు.

"సీటు జర ముందలికి జరుపుకున్న, అన్నని ఎనకకి జరుపుకోమనుండ్రి," అన్నాడు. "ముందలి టైర్ల గాలి గూడ చూస్కోమనుండ్రి."

ఆటో వెళ్ళిపోయింది. సముద్రం మానేస్తాడని పని చూడమంటే నేల మీద కూడా రిలీవర్ని తెచ్చారు అని మా అమ్మాయి నన్ను ఒక మాట అని, లోపలికి వెళ్ళి ఆ తాళంచెవిని క్యాలెండర్ మేకుకి తగిలించింది.