నడుం అనే ఎముక లేదు

ఎముకల మాస్టారంటే వైద్య కళాశాలలో అందరికీ హడల్. పిల్లలకు శరీర నిర్మాణం చెప్పేవాడు. కటి ఎముక చేతికి దొరికిందంటే ఆయనకిక పూనకమే. "రెండు చేతులూ పక్కల మీద పెట్టుకోండి. గట్టిగా, వంకర గట్టులా చేతికి తగుల్తోందే, అదీ ఇలియాక్ క్రెస్ట్!" ఎవడైనా నోరుజారి నడుం అన్నాడో, ఆ పూటకి వాడి పని అయిపోయినట్టే. "నడుం అనే ఎముక లేదురా గాడిదా! ఉంటే చూపించు!"

రిటైరయ్యాక తిట్టడానికి పిల్లలు లేరు. అయితేనేం, పెళ్లాం ఉంది. కాలు లాగుతోందంటే "తొడా, పిక్కా?" అని నిలదీస్తాడు. సరైన పేరు చెప్పందే ఆ ఇంట్లో నొప్పికి కూడా ప్రవేశం లేదు. ఎంత చదివితే ఏం లాభం, ఇంగితం లేకపోయాక!

ఒకరోజు ఆవిడ కిటికీ తెరలు తియ్యడానికి స్టూలెక్కి, కాలు జారి గచ్చు మీద పక్కవాటుగా పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఎలాగో గోడ పట్టుకుని లేచి హాల్లోకి వచ్చింది.

"ఏవండీ, స్టూలు మీంచి పడ్డాను. నడుం విరిగిపోతోంది. కాసేపు పడుకుంటాను."

ఆయన పేపరు దించలేదు. "నడుం అనే ఎముక లేదు. సరిగ్గా చెప్పు."

"ఇక్కడండీ, పక్కన."

"పక్కనంటే? ముందుకా, వెనక్కా? ఇన్నేళ్లు నాతో కాపరం చేసి ఇదా నేర్చుకుంది? కండరం పట్టేసుంటుంది. నాలుగడుగులు వెయ్యి, అదే పోతుంది."

వేసింది పాపం. కుంటుకుంటూనే వంట చేసింది, బట్టలు ఆరేసింది, ఆయన అడిగినప్పుడల్లా టీ పెట్టిచ్చింది. అడుగు తీసి అడుగు వేస్తే ప్రాణం పోతోంది. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది. దారినపోయే దానయ్యైనా 'ఎక్కడ తగిలిందమ్మా' అంటాడు గదా అనుకుంది. వారం తిరిగేసరికి మంచం మీంచి లేవలేక భోరుమంది. అప్పుడు గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు మహానుభావుడు. అదీ, తన మాటే నిజమని డాక్టరు చేత అనిపించడానికి.

అక్కడి డాక్టరమ్మ ఒకప్పుడు ఆయన దగ్గర చదివిన పిల్లే. దెబ్బ తగిలిన వైపు వేలు ఆనించగానే మాస్టారి భార్య కెవ్వుమంది. ఎక్స్‌రే తీయించారు.

"ఇలియాక్ క్రెస్ట్ కిందే పగిలింది సార్. నొక్కి చూస్తే తెలిసిపోయేదే. మీరు చూడలేదా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ నడుం అందమ్మా."

సిగ్గుండాలి! డాక్టరమ్మ ఆయన వంక ఒకసారి చూసి, ఆవిడ వైపు తిరిగింది. "ఎముక దానంతటదే అతుక్కుంటుందండీ. కానీ కొన్నాళ్లు మంచం దిగకూడదు. ఇంట్లో ఎవరు చూసుకుంటారు?"

"నేనున్నాగా," అన్నాడు మాస్టారు.

ఆవిడ డాక్టరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా చెల్లెలికి ఫోన్ చెయ్యమ్మా," అంది.