ఆగిన బండి మీద నా కళ్ళు తెరిపించిన దేవుడు

సహోదరులారా, నా చీకటి కాలం గురించి చెప్పాలంటే ముందు నా కళ్ళ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ రోజుల్లో ట్రాఫిక్‌లో మోటారు సైకిలు ఆగిందంటే చాలు, నేను కళ్ళు మూసుకునేవాణ్ణి! తాగి కాదు, నిద్రొచ్చి కాదు, భక్తితో! మా నాన్నగారు రైల్వే ఉద్యోగం మీద భీమవరం నుంచి రాయపూర్ వచ్చారు, నేను ఇక్కడే పుట్టి ఉర్లాలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాను, దేవేంద్ర నగర్‌లో మా ఇంటి నుంచి అక్కడిదాకా బండి ఎన్నిచోట్ల ఆగితే అన్ని ప్రార్థనలని నియమం పెట్టుకున్నాను. న్యూట్రల్‌లో వేసి, రెండు చేతులూ పైకెత్తి, జనం చూస్తున్నారని తెలిసి ఇంకాస్త గట్టిగా ప్రార్థించేవాణ్ణి. అది గర్వమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నా భార్య సుశీల నర్సు, యాక్సిడెంటు కేసులు రోజూ చూసే మనిషి. "ఏవండీ, ఆగినప్పుడే జర ధ్యాన్ పెట్టాలి, వెనక ఎవడొస్తున్నాడో అద్దంలో చూడండి," అనేది. నీకు విశ్వాసం తక్కువనేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆమెను ఎక్కించుకుని భన్‌పురి మీదుగా వస్తుంటే వంతెన ఎక్కే చోట ట్రాఫిక్ నిలిచిపోయింది, ముందు ఇనుప కడ్డీల లారీ, దాదాపు దాన్ని ఆనుకుని మా బండి. నేను చేతులెత్తి, "ప్రభువా, నా ఎదుట నిలిచిన సాతానును వెనక్కి తరుము!" అని గొంతెత్తాను, సహోదరులారా, లారీ నిజంగానే వెనక్కి జారడం మొదలుపెట్టింది!

"ట్రక్ పీఛే వస్తోంది, దిగండి!" అని సుశీల అరిచింది. సాతాను నా ప్రార్థన చెడగొడుతున్నాడనుకుని నేను కళ్ళు ఇంకా బిగించాను! ఆమె కిందికి దూకి నా కాలరు పట్టి లాగింది, ఇద్దరం పక్కనున్న జామకాయల బుట్టల మీద పడ్డాం, మా బండి ముందు చక్రం అప్పడమైపోయింది, కడ్డీల కొసలు సరిగ్గా నా తల ఉండాల్సిన చోటికి వచ్చి ఆగాయి.

డ్రైవరు దిగి, "ఆంఖ్ మూంద్ కే కాబర్ బైఠే రహే, భైయా?" అని, కళ్ళు మూసుకుని ఎందుకు కూర్చున్నావని నన్నే తిట్టాడు. సుశీల మోచేతి నుంచి రక్తం కారుతోంది. ఆమె మాత్రం అక్కడే మోకరించి, కళ్ళు లారీ మీదే ఉంచి ప్రార్థించింది: "ప్రభువా, ఈయన ప్రాణం కాపాడావు, నీకు స్తోత్రం. ఇక కొంచెం బుద్ధి కూడా దయచేయి తండ్రీ." భాష అర్థం కాకపోయినా డ్రైవరు కూడా చేతులు జోడించాడు!

ఆ ప్రార్థన ఫలించింది. ఇప్పుడు ముందు బండికి ఎడం వదిలి, పక్కకు తప్పుకునే దారి చూసుకుని ఆగుతాను, మొదటి గేరులో క్లచ్ పట్టి ఉంచి, వెనక ఎర్రలైటు వెలిగేలా బ్రేకు నొక్కి, అద్దంలో చూస్తూ ఉంటాను. ప్రార్థన ఫ్యాక్టరీ చేరాక చేసుకుంటాను.

నన్ను చావు నుంచీ, నా గర్వం నుంచీ విడిపించిన దేవునికే మహిమ! ప్రియులారా, ఆయనను నమ్మండి, ఆయన మనల్ని కాపాడాలనుకుంటే ఒక్కోసారి ఇంట్లో మనిషి నోటితోనే మాట్లాడతాడు, అప్పుడు దయచేసి వెంటనే దిగండి.