కామయ్య మావ చెప్పిన బ్రెజిల్

మొన్న ఒక ఉదయం పలాస స్టేషన్‌లో రైలు దిగి ఆటోల వైపు నడుస్తుంటే, గోడవారన ఒక ముసలామె గంపలో జీడిపళ్లు పెట్టుకుని కూర్చుంది. ఎర్రవీ పసుపువీ, గింజలు తీసేసిన ఉత్త పళ్లు. మా వైపు గింజకున్న విలువ పండుకు లేదు. తోటల్లో రాలి, నలిగి, ఈగలు ముసిరి మట్టిలో కలిసిపోతుంది. తీపిలో వగరు కలిసిన ఆ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. డ్యూటీకి అప్పటికే ఆలస్యమైంది. అయినా అక్కడే నిలబడ్డాను. “ఆ దేశంలో దీన్ని గాజు గళాసులో పోసి ఇత్తారు పాపా” అనే మాట చెవి పక్కనే ఎవరో అన్నట్టు వినిపించింది. ఆ మాట అన్న మనిషి పోయి మూడో వేసవి ఇది.

నేను పలాసలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. మాది హరిశ్చంద్రపురం. రోజూ రైలులో వచ్చి పోతాను. పలాస చుట్టూ ఉన్న ఉద్దానం పేరు విన్నవాళ్లకు కొబ్బరి, జీడి తోటలు, వాటి వెనక సముద్రం గుర్తొస్తాయి. మాకు ముందుగా గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. వచ్చినవాళ్లు మాత్రం వారానికి మూడుసార్లు మా దగ్గరకొచ్చి, నాలుగేసి గంటలు మంచం మీద పడుకుని, ఒంట్లో రక్తాన్ని మిషన్ ద్వారా శుభ్రం చేయించుకుని వెళ్లాలి. ఒక్కసారి మానేసినా ప్రమాదం. కొత్తగా చేరిన రోజుల్లో నాకు ఈ ఉద్యోగం ఇష్టం లేదు. ఏడాది ఎలాగో గడిపి విశాఖపట్నం పోదామనుకునేదాన్ని. పేషెంట్లను పేర్లతో కాకుండా మంచం నంబర్లతో పిలిచేదాన్ని.

మూడో నంబరు మంచం కామయ్యది. అరవై ఏళ్లుంటాయి. సోంపేట అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో జాలరి కుటుంబం. కుర్రతనంలోనే వల వదిలేసి సరుకుల ఓడల్లో వంటవాడిగా చేరి, ఇరవై ఏళ్లకు పైగా దేశదేశాలు తిరిగాడు. చేతుల మీద నూనె చిందిన మచ్చలుండేవి. ఆ మచ్చల పక్కనే మా సూదులు దిగేవి. సూది గుచ్చుతున్నప్పుడు అందరూ మొహం తిప్పుకుంటారు. అతను మాత్రం నన్నే చూసేవాడు. మొదటి రోజే, “నీ పేరేటమ్మా?” అని అడిగాడు. చెప్పాను. “నా పేరు నంబర్ త్రీ కాదు, కామయ్య. మావా అను, సాలు” అన్నాడు. సిగ్గేసింది. అప్పట్నుంచి మావా అనే పిలిచాను.

అతని పక్క మంచం ఈశ్వరమ్మది. జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లి బతికిన మనిషి. భర్త లేడు. ఆమెకు దాహం ఎక్కువ. ఈ జబ్బులో నీళ్లు కొలిచి తాగాలి. ఒంట్లో చేరిన నీరు బయటకు పోయే దారి ఉండదు కనుక ఊపిరితిత్తులకు చేరుతుంది. ఆమె వచ్చినప్పుడల్లా బరువు చూసి నేను కేకలేసేదాన్ని. ఒక శనివారం మరీ ఉబ్బిపోయి ఆయాసపడుతూ వచ్చింది. అందరి ముందూ, “చావాలనుంటే ఇంట్లోనే ఉండొచ్చు కదా, ఇక్కడిదాకా రావడం ఎందుకు?” అనేశాను. ఈశ్వరమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి, “నిజమేనమ్మా. మంగళారం నుంచి నాను రాను” అంది.

ఆ రోజు మిషన్ ఆపి సూదులు తీస్తుంటే కామయ్య మావ నెమ్మదిగా అన్నాడు. “పాపా, రేపు నీకు సెలవే కదా. పొద్దున్న లెగిసిన కాణ్నుంచి పడుకునేదాకా రెండే రెండు గళాసుల నీళ్లు తాగి ఉండు. మజ్జిగొద్దు, టీ వొద్దు, మావిడిపండొద్దు. మంగళారం వచ్చి నాకేటీ సెప్పక్కర్లేదు.”

పంతానికి చేశాను. ఏప్రిల్ ఎండ. పదకొండు గంటలకే రెండో గ్లాసు సగానికి వచ్చింది. మధ్యాహ్నానికి నాలుక అంగిటికి అతుక్కుపోయింది. అమ్మ కుండలోంచి నీళ్లు ముంచుతున్న చప్పుడు వింటే ఏడుపొచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఓడిపోయాను. కుండ దగ్గర నిలబడి చెంబుడు నీళ్లు గటగటా తాగేశాను. ఆయాసం తీరాక గుర్తొచ్చింది, ఈశ్వరమ్మకు రేపూ ఉంది, ఎల్లుండీ ఉంది. సోమవారం డ్యూటీ అయ్యాక ఆమె ఇల్లు వెతుక్కుంటూ కాశీబుగ్గ సందుల్లోకి వెళ్లాను. “నేను నాలుగింటికే ఓడిపోయాను అత్తా” అన్నాను. ఆమెకు సంగతి అర్థం కాలేదు. మొత్తం చెప్పాక పకపకా నవ్వింది. మంగళవారం వచ్చింది.

ఆ మంగళవారమే బ్రెజిల్ మొదలైంది. ఈశ్వరమ్మ నీళ్ల ఆలోచన మానుకోలేక అటూ ఇటూ కదులుతుంటే, కామయ్య మావ గొంతు సవరించుకుని, “ఓ ఈస్సరమ్మా, నాను సూసిన అన్ని దేశాల్లోకీ మల్లీ ఎల్లాలనిపించిందొకటే. బ్రెజిల్. ఎందుకెల్లాలో రోజుకొకటి సెప్తాను, ఇను” అన్నాడు.

సాల్వడార్ అనే రేవులో అతని ఓడ మరమ్మతుకని నెలకు పైగా ఆగిందట. కూరగాయలకని మొదటి రోజు బజారుకు వెళితే, మన తోటల వాసనే ఎదురొచ్చిందట. చూస్తే గుట్టలు గుట్టలుగా జీడిపళ్లు. అమ్మే ఆవిడ “కాజూ, కాజూ” అని అరుస్తోంది. “పలాస మాట ఈవిడికెలా తెల్సిందిరా బాబూ అనుకున్నాను. తర్వాత తెల్సింది, మాటా ఆల్లదే, సెట్టూ ఆల్లదే. ఎప్పుడో ఓడలెక్కి మన దేశానికొచ్చింది. మనం దాని పండు పారేసి గింజ తిన్నాం. ఆల్లు పండు పిండి గాజు గళాసులో పోసి, ఐసు ముక్కలేసి ఇచ్చారు. తాగితే, ఒలే, నా పుట్టిల్లెక్కడో నాకే తెల్లేదు.”

ఈశ్వరమ్మ కళ్లు పెద్దవి చేసుకుని వింది. ముప్పై ఏళ్లు జీడి గింజలు ఒలిచిన చేతులు ఆమెవి. “అయితే నాను ఒలిసిందంతా ఆల్ల సరుకేనేటి?” అంది. వార్డంతా నవ్వింది. ఆ నాలుగు గంటల్లో ఎవరూ నీళ్లడగలేదు.

అలా రోజుకో కారణం. ఒక గురువారం మనుషుల గురించి చెప్పాడు. అడవి జనం, పోర్చుగల్ నుంచి వచ్చినవాళ్లు, ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తెచ్చిన వాళ్ల సంతానం, జపాన్ నుంచి కూలికి వచ్చి స్థిరపడినవాళ్లు, అందరూ ఒకే బస్సులో ఉంటారట. “ఎవుడు ఏ దేశపోడో మొహం సూసి సెప్పలేవు. నన్ను సూసి దారడిగారు పాపా, నాను ఆల్లోణ్ననీసి. అన్ని దేశాలు తిరిగాను గానీ, నన్ను దారడిగిన ఊరు అదొక్కటే.” మరొక రోజు సముద్రపు దేవత పండుగ గురించి చెప్పాడు. మన మాఘమాసం రోజుల్లో తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు పూలు, అద్దాలు, దువ్వెనలు బుట్టల్లో పెట్టి పడవల మీద తీసుకెళ్లి కెరటాల్లో వదులుతారట. ఆ దేవత పేరు యెమాంజా. “మన గంగమ్మే. పేరొకటి మార్సుకుంది” అని చేతులెత్తి దండం పెట్టబోయాడు. సూదులున్నాయని నేనే ఆపాను.

తను చూడని దాని గురించే అతను ఎక్కువ చెప్పేవాడు. ఆ దేశానికి ఈశాన్యాన సముద్రం దగ్గర ఒకే ఒక్క జీడిచెట్టు ఉందట. దాని కొమ్మలు బరువుకు వంగి నేలను తాకాయి. తాకిన చోటల్లా వేళ్లు దిగి, మళ్లీ పైకి లేచాయి. అలా పాకి పాకి ఒక్క చెట్టే పెద్ద తోపంత అయిందట. సాల్వడార్‌లో పరిచయమైన ఒక జాలరి తీసుకెళ్తానన్నాడు. ఈలోగా ఓడ మరమ్మతు పూర్తయింది. “మొన్న తుపానుకి నా తోటలో జీడిసెట్లన్నీ పడిపోయాయి. పడ్డ సెట్టుని సూత్తే రంపమే గుర్తొత్తాది మనకి. అక్కడ పడ్డ కొమ్మ మల్లీ లెగిసిందంట. అది నా కల్లతో సూడాలి పాపా. ఒక్కసారి సాలు.”

ఇంకో రోజు సూదులు తీశాక దూది అదిమి పట్టుకుని, ఎవరూ వినకుండా అడిగాడు. “బ్రెజిల్లో ఈ మిషనుంటాదా?”

ఉంటుందన్నాను. ఆ దూరం, ఆ ఖర్చు, అతని ఒంటి పరిస్థితి నాకు తెలుసు. అతనికీ తెలుసు. అయినా ఇంటికెళ్లాక ఫోన్‌లో వెతికి, సాల్వడార్‌లో ఒక డయాలసిస్ కేంద్రానికి నాకొచ్చిన ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. మా పేషెంటు ఒకాయన మీ ఊరు రావాలనుకుంటున్నారు, వారం రోజులు మిషన్ ఇవ్వగలరా అని. జవాబు వస్తుందనుకోలేదు. పది రోజులకు వచ్చింది, వాళ్ల భాషలో. ఫోన్‌లోనే తెలుగు చేసి మంచం పక్కన నిలబడి చదివాను. రిపోర్టులు ముందుగా పంపాలి, ఉదయం వేళ ఖాళీ ఉంది, అనువదించే మనిషి కావాలంటే చూస్తాం, కామయ్య గారికి స్వాగతం. మూడుసార్లు చదివించుకున్నాడు. “గారు అని రాసారా, నువ్వు కలిపావా?” అన్నాడు. “వాళ్లే రాశారు మావా” అన్నాను. అతను పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకుందామంటే ఒక చేతికి సూదులు, రెండో చేతికి రక్తపోటు పట్టీ. నేనే తుడిచాను.

ఇదంతా వింటున్న ఈశ్వరమ్మ, “బ్రెజిల్లో ఇత్తారంటే మరి పూరీ కాడ ఇవ్వరేటి?” అంది. ఆమెకు జగన్నాథుణ్ని చూడాలని పెళ్లయిన నాటి నుంచీ కోరిక. జబ్బు వచ్చాక ఆ మాటే మానుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. సగం ప్రపంచం అవతలికి ఉత్తరం రాశాను గానీ, రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఊరి గురించి ఆలోచించలేదు. పూరీకి దగ్గర్లోని భువనేశ్వర్‌లో ఒక చోట మాట్లాడి గురువారం మిషన్ ఖాయం చేశాను. మంగళవారం మా దగ్గర చేయించుకుని, కూతురితో రైలెక్కి, శనివారానికి తిరిగొచ్చేసింది. ప్రసాదం పొట్లం ముందు కామయ్య మావ చేతిలో పెట్టింది. “సూసేవా?” అన్నాడతను. “సూసాను. సముద్రం కూడా సూసాను. నువ్వు సెప్పినట్టే ఉంది” అంది. ఆ రోజు మూడో మంచం మీద ఉన్న సంతోషం ఆమె మొహంలో కూడా లేదు.

వర్షాలు మొదలయ్యాక అతని గుండె బలహీనపడింది. చెప్పే కారణాలు చిన్నవయ్యాయి. ఆఖరి శనివారం, “అక్కడ జనం సాయంత్రం ఊరికే అరుగుల మీద కూకుంటారు” అని మాత్రం అన్నాడు. ఇంకా చెప్పమన్నాను. “అంతే. అది సాలదా?” అని నవ్వాడు. మంగళవారం రాలేదు. ఫోన్ చేస్తే భార్య మంగమ్మ ఎత్తింది. పొద్దున్నే పోయాడంది.

పదో రోజు తర్వాత వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటి వెనక తోటలో తుపాను వదిలిన మొద్దులు, వాటి మధ్య కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలు. మంగమ్మను ఓదార్చాలని, “బ్రెజిల్ వెళ్లాలని ఎంత ఆశపడ్డాడో” అన్నాను. ఆమె నా మొహంలోకి అయోమయంగా చూసింది.

“అదెక్కడుంది?” అంది.

వార్డులో ఇన్ని నెలలు చెప్పిన మనిషి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకని నేను అడగకముందే ఆమే అంది. “పెల్లయ్యాక ఇరవయ్యేల్లలో ఆయన నా కాడ ఉన్న రోజులు సేతి ఏల్ల మీద నెక్కెట్టొచ్చు. ఓడ మాటెత్తితే సాలు, నాను ఏడిసేసేదాన్ని. మల్లీ ఎల్లిపోతాడేమో అనీసి. అందుకే సెప్పుండడు.” కాసేపు కొంగు నలిపింది. తర్వాత చాప నా వైపు జరిపి, “కూకో. ఏటుందక్కడ? నువ్వు సెప్పు” అంది.

కూర్చుని చెప్పాను. బజారు, గాజు గ్లాసు, దారడిగిన మనుషులు, తెల్లబట్టల ఆడవాళ్లు, పడి లేచిన చెట్టు. నాకు తెలియకుండానే అతని మాటలే వచ్చాయి నా నోట. చెట్టు దగ్గరకొచ్చేసరికి ఆమె పెరటి మొద్దుల వైపు చూసింది. “ఎల్లనిచ్చుంటే సూసొచ్చేవోడు కదూ” అంది. సాయంత్రం దాకా ఉండి, ఆఖరి ఆటోకి తిరిగొచ్చాను.

విశాఖపట్నం నేను వెళ్లలేదు. బ్రెజిల్ కూడా చూడలేదు. ఎప్పటికైనా చూస్తానో లేదో తెలియదు. ఆ దేశానికి వెళ్లాలన్న కోరిక నాది కాదు, కానీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. కొత్త పేషెంటు వస్తే బరువు, రక్తపోటు రాసుకున్నాక ఇంకో ప్రశ్న అడుగుతాను. ఎక్కడికి వెళ్లాలని ఉంది అని. చాలామంది వెంటనే చెప్పరు. ఇక అవన్నీ అయిపోయాయని ఎవరో వాళ్లకు చెప్పినట్టుంటారు. కొందరు అరసవల్లి అంటారు, కొందరు తిరుపతి. ఒకాయన హైదరాబాదులో మెట్రో రైలు ఎక్కాలన్నాడు. దారిలో మిషన్ ఎక్కడ దొరుకుతుందో వెతకడం నా పని.

పోయిన వారం ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఆ ప్రశ్న అడిగాను. నేను పక్క మంచానికి వెళ్లి తిరిగొచ్చాక మెల్లగా అంది.

“బారువ. మా అమ్మోలిల్లు. మూడేల్లయింది ఎల్లి.”

బారువ ఇక్కడికి గంట ప్రయాణం. అదే అనబోయి నాలుక కరుచుకున్నాను. మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని, “అక్కడ ఏముంటుందో చెప్పు అక్కా” అన్నాను.