ఎసరు పెట్టి ప్రార్థించే రూతమ్మగారు, విప్పని నా సంచీ

విశాఖలో మా చర్చిలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు ఒక పేరు తరచూ వినబడేది. దేవరాపల్లి అవతల ఒక పేటలో దిక్కులేని ముసలివాళ్ళకి మధ్యాహ్నం అన్నం పెట్టే రూతమ్మగారు. ఆవిడ ఎవరి దగ్గరా చెయ్యి చాచదట, వంటంతా ప్రార్థన మీదే నడుస్తుందట. ఊళ్ళు తిరిగి రాసుకునే అలవాటు ఉన్నదాన్ని కదా, మంచి విషయం దొరుకుతుందనిపించి, వస్తున్నానని ఆవిడకి ఫోన్ చేసి పోయిన శనివారం బయలుదేరాను. నిజం చెప్పాలంటే సాయం చెయ్యడానికి కాదు, చూడటానికే వెళ్ళాను. మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే ముందు దారి చెబుతాను, తర్వాత నా నిర్వాకం చెబుతాను.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే గంటలోపు అనకాపల్లిలో దిగిపోవచ్చు, టికెట్టు ఒక కాఫీ ఖర్చంతే. బస్టాండుకి వెళ్ళే దారిలో ఆటో ఆపించి రెండు కిలోల బెల్లం కొని సంచీలో వేసుకున్నాను. అనకాపల్లి వెళ్ళి ఉత్త చేతులతో వస్తే మా అత్తగారు ఊరుకోరు. అక్కణ్ణించి చోడవరం మీదుగా దేవరాపల్లికి పల్లెవెలుగు బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు లేదు. కిటికీ పక్కన సీటు దొరికితే వదలకండి, వానలకి తడిసిన చెరుకు తోటలు కళ్ళు చల్లబరుస్తాయి. దేవరాపల్లిలో దిగి ఇరవై రూపాయల షేర్ ఆటో ఎక్కాను.

"ఎసరమ్మ కాడికా?" అని నవ్వాడు ఆటో అబ్బాయి. అదేం పేరని అడిగాను.

"బియ్యం ఉన్నా నేకపోయినా పొయ్యి ఎలిగించి ఎసరు పెట్టేత్తాదమ్మా. ఆ ఎనక దేవుణ్ణి పిలుత్తాది. ఊరంతా ఆ పేరే పెట్టేసేరు."

పేట చివర రేకుల షెడ్డు, అదే చర్చి, అదే వంటిల్లు. నేను వెళ్ళేసరికి సత్తు పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని ముసలివాళ్ళు గోడవార కూర్చున్నారు. బతుకంతా చెరుకు నరికినవాళ్ళు, ఇప్పుడు కత్తి ఎత్తలేరు. వారం రోజుల వానకి పేటలో ఎవరికీ పని లేదు, చాలా ఇళ్ళలో పొయ్యి వెలగడం లేదు. రూతమ్మగారు యాభై దాటిన మనిషి, సన్నగా ఉన్నారు. "వందనాలమ్మా, రా" అని నన్ను చాప మీద కూర్చోబెట్టారు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఎసరు మరుగుతోంది. బియ్యం డబ్బా మూత తీసి ఉంది, అందులో ఏమీ లేదు.

ఆవిడ మోకాళ్ళూని, "ప్రభువా, ఎసరు పెట్టేసేను, ఇయ్యాల బియ్యం నేవు. ఈల్లు నిన్న కూడా సగం కడుపే తిన్నారు. సూసుకో తండ్రీ" అని ప్రార్థించి నన్ను కూడా ప్రార్థన చెయ్యమన్నారు. నేను చేశాను. మా పాస్టరుగారి బాణీలో, ఆకలిగొన్నవారిని జ్ఞాపకం చేసుకొమ్మని చాలాసేపు చేశాను. కానీ లోపల మండిపోతూనే ఉన్నాను. పట్నం మనిషి వస్తోందని తెలిసి ఖాళీ డబ్బా మూత తీసి పెట్టిందనిపించింది. ఆమేన్ అన్నాక ఆపుకోలేకపోయాను.

"రూతమ్మగారూ, బియ్యం లేవని ఫోన్‌లో చెప్పి ఉంటే తెచ్చేదాన్ని కదా! ఇలా నా ఎదురుగా దేవుణ్ణి అడగడం ఎందుకు? నన్నే అడగొచ్చుగా?"

ముసలివాళ్ళంతా తల వంచుకున్నారు. ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసి నా వైపు తిరిగారు.

"నిన్ను అడగనేదమ్మా, ఆయన్ని అడిగేను. నువ్వు రాకపోయినా ఇదే అడుగుదును."

ఆ మాట పూర్తయ్యేలోపే పేటలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. చర్చికి వెళ్ళే ఇళ్ళలో బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు దేవుడి పేర తీసి పెట్టడం మనకి తెలిసిందే. మా అమ్మ కూడా తీసేది. ఇక్కడ ఆ గుప్పిళ్ళే శనివారం ఈ గిన్నెలోకి వస్తాయి. ఈ వారం అసలు వస్తాయో రావో ఎవరికీ తెలియదు. ఒకామె గ్లాసుడు నూకలు తెచ్చింది, ఇంకొకామె కొంగులో చోడిపిండి, అదే రాగిపిండి, మూట కట్టుకొచ్చింది. "మాకూ ఇంతే మిగిలింది పిన్నీ" అంటూనే పోసింది. అన్నానికి చాలవు కాబట్టి రూతమ్మగారు అన్నీ అదే ఎసట్లో కలిపి జావ కాచారు. మొదటి పళ్ళెం నాకే ఇచ్చారు. ఉప్పు వేసిన పలచటి జావ. దాన్ని తలెత్తకుండా తాగాను.

పక్కనే కూర్చున్న సింహాచలం తాత పళ్ళెం నాకి, "కూసింత బెల్లం ముక్క పడితేనా, రూతమ్మా! ఇన్నాళ్ళు సెరుకు నరికేను గానీ బెల్లం రుసి మర్సిపోనాను" అన్నాడు. అందరూ నవ్వారు.

"అదీ అడుగుదాంలే తాతా" అని ఆవిడ అక్కడికక్కడే కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, మా తాతకి బెల్లం ముక్క."

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. నా సంచీ నా మోకాలికి ఆనుకునే ఉంది.

బెల్లం సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. తియ్యాలని చెయ్యి కదిలింది. కానీ ఇందాక అంత పెద్ద మాట అన్నదాన్ని, ఇప్పుడు తీస్తే ఇంతసేపూ సంచీలో పెట్టుకునే ఆవిణ్ణి కడిగేశానని అందరికీ తెలిసిపోతుంది. ఆ ముసలాయన నోటికంటే నా పరువే నాకు ఎక్కువైంది. జిప్పు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆటో ఎక్కేటప్పుడు రూతమ్మగారు, "ఆకలితో పంపినట్టయింది, ఏటీ అనుకోకమ్మా" అన్నారు. క్షమించమని కూడా అడగకుండా సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను.

ఇంటికొచ్చాక మా అత్తగారు చిన్న ముక్క నోట్లో వేసుకుని బెల్లం బాగుందన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ సిగ్గు పోలేదు. పేదవాళ్ళ ప్రార్థనలు దేవుడు వినడని ఎవరైనా అంటే ఇకమీదట నేను ఒప్పుకోను. ఆ రోజు ఆయన విన్నాడు, అడగకముందే రెండు కిలోలు పంపించాడు కూడా. నేనే ఇవ్వలేదు.

మీరు వెళ్తే శనివారం కాకుండా వారం మధ్యలో వెళ్ళండి, శనివారం వచ్చిన గుప్పిళ్ళు అయిపోయి డబ్బా ఖాళీ అయ్యేది అప్పుడే. బియ్యం దేవరాపల్లి కొట్లోనే దొరుకుతాయి, మోసుకెళ్ళక్కర్లేదు. బెల్లం మాత్రం అనకాపల్లిలో కొనండి. ఆవిడ ప్రార్థనకి మోకాళ్ళూనకముందే సంచీ విప్పి ఇచ్చెయ్యండి.