చెట్టు నీడకు జరిగిన హద్దులు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, సర్వే డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌గా నన్ను బూర్గంపాడు వైపు వేశారు. పని పోడు భూముల కొలత. అడవి అంచున గిరిజన కుటుంబాలు సాగు చేసుకుంటున్న చేలకు హద్దులు గుర్తించి, పటం గీసి, పట్టా కోసం పైకి పంపాలి. పటంలోకి వచ్చిన నేల రైతుది, రానిది అడవిది. అడవిదని తేలిన చోట వానలు పడగానే కందకం తవ్వి మొక్కలు నాటుతారు. ఇందులోని పెద్దల పేర్లు రాయను. నా పింఛను కాగితాలు చూసే గుమాస్తాకు కొత్త పని పెట్టడం నాకిష్టం లేదు.

గొలుసులు ఈడ్చి కొలిచిన తరం మాది. ఈసారి ట్యాబ్‌లతో కొలవాలని ఆదేశం వచ్చింది. ఏ సైజు ట్యాబ్ కొనాలో తేల్చడానికి అయిదుగురు అధికారులతో కమిటీ వేశారు. అందులో అయిదోవాణ్ని నేను. ఆ అయిదుగురిలో ఆ ఏడాది ఒక్క చేను చుట్టూ అయినా తిరగాలనుకున్నవాడు ఒక్కడూ లేడు.

సమావేశం ఏసీ గదిలో, పరదాలు దించి, ట్యూబులైట్ల కింద జరిగింది. అమ్మకందారు మనిషి ఏడు అంగుళాలది, ఎనిమిదిది, పదిది వరసగా బల్ల మీద పెట్టాడు. కమిటీ అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి పది అంగుళాలది చేతిలోకి తీసుకుని, అద్దాలు లేకుండానే అక్షరాలు కనబడుతున్నాయని మురిసిపోయాడు. పక్కాయన కూడా అద్దాలు తీశాడు. నేనూ తీశాను. మరొకాయన, ఇందులో వీడియో మీటింగు పెడితే పైఅధికారి ముఖం పెద్దగా కనబడుతుందా అని అడిగాడు. మేం వెళ్లే ఊళ్లలో ఫోను మోగాలంటే గుట్ట ఎక్కాలన్న సంగతి ఆయనకు తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. చత్వారం వచ్చిన అయిదు జతల కళ్లు కలిసి, పాతికేళ్ల పిల్లల చేతికి ఏం ఇవ్వాలో తేల్చేశాయి. నేల విడిచి సాము చేయడమంటే ఇదే.

ఆ గదిలో చేలల్లో తిరిగే మనిషి ఒక్కతే ఉంది. సర్వేయర్ సల్మా, ఖమ్మంలో దర్జీ పని చేసే కుటుంబం పిల్ల. సాఫ్ట్‌వేర్ చూపించడానికి పిలిపించాం. అడగకుండానే ఒక మాట అన్నది.

"సార్, ఎనిమిది అంగుళాలదే ఇప్పియ్యండి. ఒక చేతిల పట్టొచ్చు, ఇంకో చెయ్యి ఖాళీగుంటది."

"చెయ్యి ఖాళీగా ఉంచుకుని ఏం చేస్తావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పది అంగుళాలకు అయిదు సంతకాలు పడ్డాయి.

కొలత పద్ధతి ఇది. రైతు ముందు నడుస్తూ దారికి అడ్డమైన కంప కొట్టి మూలలు చూపిస్తుంటే సర్వేయర్ వెనక నడవాలి. ప్రతి మూలలో ఆగితే ఉపగ్రహాల లెక్కలో ఆ చోటు ఎన్ని మీటర్లు తప్పి ఉండొచ్చో తెరపై ఒక అంకె కనబడుతుంది. ఆ అంకె బాగా తగ్గేదాకా చూసి బటన్ నొక్కాలి. మూలలన్నీ పూర్తయ్యాక యంత్రమే గీతలు కలిపి విస్తీర్ణం చెబుతుంది. గుంపు మొత్తం అయ్యాక గ్రామసభలో పటం చూపించి, మూడు రోజులకు రికార్డుకు ముద్ర వేస్తారు. గుంపు అంటే అక్కడి చిన్న పల్లె. ముద్ర పడ్డాక దాన్ని తెరిచే అధికారం నాకు లేదు. పది చేలకు ఒకటి చొప్పున నేను స్వయంగా వెళ్లి సరిచూడాలని నిబంధన. నేను ఫ్యాను కింద కూర్చుని ఆఫీసు కంప్యూటర్లో సరిచూశాను. పటాలు ముచ్చటగా ఉన్నాయి. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, వచ్చినవన్నీ సరి అని రాశాను. రెండు గుంపులు అలాగే ముద్ర దాకా వెళ్లాయి.

మూడో గుంపు ములకలపల్లి దాటాక అడవిలో ఉంది. గ్రామసభ బుధవారం జరిగింది, శనివారం ముద్ర. ట్యాబ్‌ను చేతులు మార్చుకుంటూ జనం పటాలు చూసుకున్నారు. పటం చూపించడానికి ఆ పది అంగుళాలు బాగానే పనికొచ్చాయి, అంతవరకు ఒప్పుకుంటాను. కుంజా ముత్తమ్మ అనే యాభై ఏళ్ల రైతు మాత్రం దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"వాగు దాకా నా మడి ఉంటది. గిండ్ల లేదేంది సారూ?" అన్నది.

పైచెక్కలో ఆమెకు పత్తి, కింద వాగు వారన వరిమడి. పత్తి అమ్ముకునేది, ఇంటిల్లిపాదీ తినేది మాత్రం ఆ మడిలోని గింజే. నేను యంత్రం తప్పు చేయదని గంభీరంగా చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

ఆమె వేలితో తెర మీద చూపించింది. గీతల వెనక ఆకాశం నుంచి తీసిన చేను ఫొటో ఉంటుంది. "మిషిని సంగతి నాకెందుకు సారూ? ఇగో, గిది చింతచెట్టు. గిది ఇప్పచెట్టు. గీ మూలకున్నది ఇంకో ఇప్ప. నా చేను చెట్లకాడ ఆగదు. మీరు చెట్లను కొలిసిండ్రు, నా చేను కొలువలే."

చూశాను. ప్రతి మూలా ఏదో ఒక చెట్టు కిందే ఉంది. పక్క చేను పటం తెరిచాను, అదీ అంతే. ఈ చేలు కొలిచిన సల్మా పక్కనే తల వంచుకుని నిలబడింది.

మర్నాడు సల్మాను, ముత్తమ్మను తీసుకుని చేలోకి వెళ్లాను. పదకొండు దాటింది. వాగు వారన మూలలో నిలబడి ట్యాబ్ నేనే పట్టుకున్నాను. తెర మీద అంకె లేదు, పటం లేదు, నా మీసాలు మాత్రం స్పష్టంగా కనబడ్డాయి. ఎండకు అద్దమైపోయింది. దాన్ని పట్టుకోవడానికే రెండు చేతులూ కావాలి. ఒంటిచేత్తో పట్టబోతే జారింది. వీపు ఎండకు తిప్పాను, మెడ వంచాను, నడినెత్తిన సూర్యుడుంటే ఏ తిప్పుడూ పనిచేయదు. నాకు తెలియకుండానే నా కాళ్లు నీడ వైపు నడిచాయి. చింతచెట్టు కిందికి చేరాక అంకె కనబడింది. వెనక్కి తిరిగి చూస్తే మడి మొత్తం నాకూ వాగుకూ మధ్య ఉండిపోయింది. ఆకాశం అడ్డు లేకుండా కనిపించే చోటే నిలబడి కొలవాలని మా మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంటుంది.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని సల్మాను కోపంగానే అడిగాను.

"ఎండల తెర కనబడతలేదని రిపోర్టు పెట్టిన సార్. పైఆఫీసోళ్లు తెర వెలుగు పెంచుకోమని రాసిండ్రు. పెంచితే మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతది. తువ్వాల అడ్డం పట్టుమందామంటే ముత్తమ్మ ముందట కంప కొట్టుకుంట పోతది. రోజుకు ఇన్ని చేలు కావాలని మీదికెల్లి ఒకటే ఫోన్లు. కొంచెం దూరమే గదా అని చెట్టు కింద నొక్కిన. తప్పు నాదే సార్."

ఆ ఆఖరి మాట పట్టుకుని ఆమెకు మెమో ఇచ్చి ఉంటే ఫైలు అక్కడితో మూసుకునేది. మా కొలువులో తప్పు ఎప్పుడూ కిందికే పారుతుంది. కానీ ఆమె పంపిన రిపోర్టు మీద "చూడబడినది" అని నా పొట్టి సంతకం ఉన్నట్టు ఆ ఎండలోనే గుర్తుకొచ్చింది. చదవకుండా పెట్టినది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మకందారు నమూనాగా వదిలివెళ్లిన ఎనిమిది అంగుళాల ట్యాబ్ ఆఫీసు బీరువాలో పడి ఉంది. దాన్ని వాడుకుంటానని అధ్యక్షుడికి ఫోన్ చేశాను. కమిటీ కాదన్న సైజును మళ్లీ ఎలా వాడతారని అడిగాడు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టే అడుగుతున్నానని చెప్పాను. రాతపూర్వకంగా పెట్టమన్నాడు. పెట్టాను. జవాబు కోసం ఆగకుండా బీరువా తాళం తీయించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, శుక్రవారం పొద్దున్నే గుంపుకు చేరాం.

వాగు మూలలో సల్మా ఎడమ చేత ట్యాబ్ పట్టుకుని, కుడి అరచేయి దానికి గొడుగులా అడ్డం పెట్టింది. దూరంగా ఎవరొస్తున్నారో చూడటానికి మనం నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటామే, అచ్చం అలాగే. అంకె తగ్గింది. అడ్డం పెట్టిన చేతి బొటనవేలితోనే బటన్ నొక్కింది. అడుగు కూడా పక్కకు జరగలేదు. ఇంతకన్నా ఏమీ లేదు అందులో. అయిదుగురు అధికారులకు తట్టనిది ఇదే.

ఆ రోజు, మర్నాడు పొద్దున కలిపి గుంపులోని చేలన్నీ మళ్లీ తిరిగాం. గుంపులో అందరూ కత్తులు పట్టుకుని కంప కొట్టడానికి వచ్చారు. శనివారం ముద్ర వేసే వేళకు ముత్తమ్మ తన పటం మరోసారి అడిగి తీసుకుంది. వాగు గీత దాకా వేలు జరిపి చూసుకుంది.

"అవ్, గిది నా చేను" అని ట్యాబ్ నా చేతికిచ్చి వెళ్లిపోయింది. నాకు దండం పెట్టలేదు. పెట్టవలసిన పని నేనేమీ చేయలేదు.

అంతకుముందే ముద్ర పడ్డ రెండు గుంపుల సంగతి మిగిలింది. వాటిని మళ్లీ కొలవాలని రెండుసార్లు రాశాను. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోదానికి, ముద్ర తీయడానికి నిబంధనలు అనుమతించవని ఒక వాక్యం వచ్చింది. వానలు పడ్డాక ఒకసారి జీపులో అటు వెళుతూ కందకం చూశాను. ఇప్పచెట్టు నుంచి చింతచెట్టుకు, అక్కడి నుంచి మరో ఇప్పచెట్టుకు తిన్నగా వెళ్లింది. దాని అవతల ఎవరివో మడి గట్లు ఇంకా కరగలేదు. రోడ్డు పక్కన నిలబడి ఉన్న రైతు నా జీపు వంక చూశాడు. నేను ఆపలేదు.

ట్యాబ్ ఏ సైజుది కొనాలని ఇప్పటికీ తెలిసినవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఆ శాఖలో చేశాను కాబట్టి తెలుస్తుందని. అంగుళాలు తర్వాత, ఎక్కడ నిలబడి, ఏ వేళ, ఎవరు చూస్తారో ముందు చెప్పమంటాను. వాడే మనిషి చేతికిచ్చి, వాడే చోట చూడకుండా ఏ వస్తువునూ ఎంచకూడదు. నా ఉద్యోగం నేర్పింది ఇంతే, అదీ ఆలస్యంగా.

చెయ్యి ఖాళీగా ఉంచుకుని ఏం చేస్తావమ్మా అని ఆ రోజు సల్మాను అడిగాం. ముత్తమ్మ మడి ఆ చేతి కింద దొరికింది. మిగతా రెండు గుంపుల మడులు కందకం అవతల ఉన్నాయి.